రైలు పోయింది, కమాను మిగిలింది

మా జుక్కల్‌కు రైలు లేదు. నిజాం కాలంలో రాలేదు, ఆ తర్వాతా రాలేదు. బోధన్ నుంచి బీదర్‌కు లైన్ వేస్తారనే మాట మాత్రం ఎన్నికలొచ్చినప్పుడల్లా ఊర్లకు వచ్చి పోతుంటుంది. అటు దెగ్లూరు, ఇటు ఔరాద్, మూడు రాష్ట్రాల సరిహద్దులో కూర్చున్నం. రైలెక్కాలంటే కామారెడ్డికో, బోధన్‌కో, నిజామాబాద్‌కో బస్సు పట్టుకుని పోవాలె. ఇట్లాంటి ఊరోడు రైలు పట్టాల మీది రాతి బ్రిడ్జిల గురించి రాసుడేందని మీకు అనిపించొచ్చు. ఇంట్ల బావి లేనోడే గదా, ఊళ్లో బావులన్నీ లెక్కపెట్టేది!

సంగతి ఏమిటంటే, 2023 ఆగస్టులో ముద్ఖేడ్-మేడ్చల్ రైల్వే లైన్ డబ్లింగ్‌కు కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. కామారెడ్డి మీదుగా పోయే లైన్ అదే. మంచిదే, రావాల్సిందే. సింగిల్ లైన్ మీద ఎదురుబండి కోసం చిన్న స్టేషన్లో అరగంట నిలబడ్డ ప్రతి ఒక్కరూ సంతోషించాల్సిన పని. కానీ రెండో లైన్ పడ్డప్పుడు కట్ట వెడల్పవుతుంది. పాత మోరీలు, పాత కమాన్లు, పట్టాల మీదుగా దాటే పాత రోడ్డు బ్రిడ్జిలు కొన్ని పోతయి, కొన్ని కాంక్రీటు లోపల దాక్కుంటయి. వాటిని ఆపాలని నేను అనడం లేదు. పోయేలోపు ఎవరైనా టేపు పట్టుకుని కొలిచారా అన్నదే నా ప్రశ్న.

ఈ లైన్ కథ పాతది. నిజాం రాజ్యంలో మొదటి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. అది బ్రాడ్‌గేజ్. మన దిక్కుకు వచ్చింది మాత్రం హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే. సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా మీటర్‌గేజ్ లైన్. 1900 ప్రాంతంలో బండ్లు నడవడం మొదలైంది. నడిపించిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ 1883లో లండన్‌లో ఏర్పడింది. అంటే పేరు నిజాంది, ఆఫీసు లండన్‌ది, రాయి మన గుట్టలది, చెమట మన వడ్డెరోళ్లది. 1930లో నిజాం సర్కారు కంపెనీ నుంచి రైల్వేను కొనుక్కుంది. 1950లో అది భారతీయ రైల్వేలో కలిసింది. 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వే. ఇన్ని చేతులు మారిన ఇంట్లో పాత కాగితాలు ఎన్ని మిగులుతయో మీకు తెలుసు. అన్నదమ్ములు పంచుకున్న ఇంటి దస్తావేజు ఎవరి పెట్టెలో ఉందో వెతికినట్టే.

అజంతా ఎక్స్‌ప్రెస్ మీటర్‌గేజ్ మీద నడిచిన రోజులు చాలామందికి యాదికి ఉంటయి. గేజ్ మార్పిడి అయ్యాక ఆ సన్నపట్టాల లోకం మాయమైంది. మీటర్‌గేజ్ అంటే రెండు పట్టాల మధ్య సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజ్‌కు 1,676. ఈ తేడా పట్టాలతో ఆగదు. పెట్టె వెడల్పు మారుతుంది, ఎత్తు మారుతుంది, వంపు తిరిగే తీరు మారుతుంది. మీటర్‌గేజ్ చిన్న బండి, గుట్ట పక్కన మేకపిల్ల లెక్క చటుక్కున తిరుగుతుంది. బ్రాడ్‌గేజ్‌కు అంత గట్టి వంపు పనికిరాదు. అందుకే గేజ్ మార్చేటప్పుడు వంపులు సరిచేసిన చోట్ల పాత కట్ట పక్కన మిగిలిపోతుంది. దాని మీద తుమ్మచెట్లు లేస్తయి. దాని మీదుగా ఎప్పుడో కట్టిన రోడ్డు బ్రిడ్జి ఉంటే, అది కింద రైలూ లేక, నీళ్లూ లేక నిలబడి ఉంటుంది. కొత్తగా చూసినోళ్లు వాగు ఎండిపోయిందేమో అనుకుంటరు.

పట్టాలు ఉన్నచోట మరో గండం. కరెంటు రైళ్లకు పైన 25 వేల వోల్టుల తీగ కావాలె, ఆ తీగకు పైన జాగా కావాలె. ఆవిరి ఇంజన్ పొగగొట్టం లెక్కన కట్టిన రాతి కమాను దానికి చాలదు. పట్టాలు కిందికి దింపాలె, లేదా కమాను తీసేసి కాంక్రీటు దూలాలు పెట్టాలె. రైలు పోయినచోట బ్రిడ్జి ఎవరికీ అక్కర్లేనిది, రైలు పెరిగినచోట బ్రిడ్జి పొట్టిది. రెండు విధాలా గండమే.

తెలుగునేల మీద దీనికి పెద్ద ఉదాహరణ నల్లమలలో ఉంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలో బొగద దగ్గర దొరబావి వంతెన. 1880లలో సదరన్ మరాఠా రైల్వే వాళ్లు అడవి లోయ మీద కట్టిన మీటర్‌గేజ్ వంతెన అది. గేజ్ మార్చినప్పుడు లైన్ వేరే దారిన పోయింది. పై ఇనుము తుక్కు కింద పోయింది. కట్టడపు స్తంభాలు మాత్రం లోయలో అట్లనే నిలబడ్డయి. ఇప్పుడు అక్కడికి పోయినవాళ్లంతా ఫోన్ ఎత్తి ఫొటోలు తీసుకుంటరు. సెల్ఫీలో మనిషి మొహం ఉంటుంది, వెనక స్తంభం ఉంటుంది, కొలత ఉండదు. వెయ్యి సెల్ఫీలు కలిపినా స్తంభం అడుగున ఎంత మందమో చెప్పలేం.

'పోయిన లైన్ పోయిందే, దాని బ్రిడ్జిలతో ఏం పని' అనేవాళ్లకు కోనసీమ వైపు చూడమని చెప్తాను. కాకినాడ-కోటిపల్లి లైన్ 1928లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక 1940లో ఇనుము అవసరమని పట్టాలు పీక్కుపోయారు. అరవై ఏళ్లకు పైగా ఆ కట్ట ఖాళీగా ఉంది. 2004లో మళ్లీ రైలు వచ్చింది. లైన్ చచ్చిపోయిందని ఎవరూ పట్టుబట్టి చెప్పలేరు.

ఇంగ్లండ్‌లో ఈ మాట మీద పెద్ద రభసే అయింది. అక్కడ మూతపడ్డ రైల్వే లైన్ల మీది కట్టడాలు మూడు వేలకు పైగా రవాణా శాఖ సొత్తు. చూసుకునే పని నేషనల్ హైవేస్ అనే సంస్థది. కంబ్రియా ప్రాంతంలో గ్రేట్ మస్‌గ్రేవ్ అనే చిన్న ఊరు ఉంది. 1862లో ఈడెన్ వ్యాలీ రైల్వే మీదుగా ఊరి రోడ్డు దాటడానికి అక్కడ రాతి కమాను కట్టారు. ఆ లైన్ ఇంజనీరు థామస్ బౌచ్. 1879లో రైలుతో సహా కూలిపోయిన టే వంతెన కట్టింది కూడా ఆయనే. పాపం, ఆయన పేరు చెప్తే అందరికీ కూలింది గుర్తొస్తది గానీ నిలబడినవి గుర్తురావు. మస్‌గ్రేవ్ కమాను మాత్రం లైన్ మూతపడ్డాక కూడా చెక్కు చెదరకుండా ఉంది. 2021లో నేషనల్ హైవేస్ వాళ్లు వచ్చి, బ్రిడ్జి బలహీనం, బరువు బండ్లకు ప్రమాదం అని చెప్పి, కమాను కింద కంకర, కాంక్రీటు వందల టన్నుల్లో దింపి పూడ్చేశారు. ముందు అనుమతి లేదు. అత్యవసరం అనే నిబంధన కింద చేసిన పని. ఆ నిబంధన ప్రకారం ఏడాదిలోపు అనుమతి తెచ్చుకోవాలె, లేదంటే తీసెయ్యాలె.

తర్వాత అనుమతికి దరఖాస్తు పెడితే తొమ్మిది వందలకు పైగా అభ్యంతరాలు వచ్చాయి. ఆ బ్రిడ్జికి అటూ ఇటూ పాత రైళ్లు నడిపే సంఘాలున్నాయి. ఎప్పటికైనా రెండు ముక్కలనూ కలపాలని వాళ్ల ఆశ. ఆ దారిలో ఈ కమాను ఉంది. 2022లో ఈడెన్ జిల్లా కౌన్సిల్ అనుమతి ఇవ్వనన్నది. 2023లో పోసినదంతా మళ్లీ తోడి తీసేశారు. పూడ్చడానికి అయిన ఖర్చు కంటే తియ్యడానికి అయిన ఖర్చు ఎక్కువ. మన దగ్గర రోడ్డు వేసిన మర్నాడే పైపుల కోసం తవ్వినట్టు! అక్కడా అంతేనని తెలిసి కొంచెం ఊరట కలిగిన మాట నిజం.

అక్కడి జనం గెలవడానికి కారణం అరుపులు మాత్రమే కాదు. ఆ కమాను ఏ ఏడాది కట్టింది, ఏ కంపెనీ కట్టింది, దాని స్థితి ఏమిటి, చేతిలో కాగితం ఉంది. కాగితం ఉన్నోడి మాటే ఆఫీసులో చెల్లుతుంది. పహాణీ కోసం తిరిగిన రైతుకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికాలో ఈ రాసుకునే పనిని సర్కారే నెత్తికెత్తుకుంది. 1933లో పాత ఇండ్ల కొలతలతో మొదలుపెట్టి, 1969 నుంచి వంతెనలు, కార్ఖానాలు కూడా కొలిచి, గీసి, ఫొటోలు తీసి వాళ్ల జాతీయ గ్రంథాలయంలో పెడుతున్నారు. కూల్చక తప్పనివి ఉంటే కూల్చేముందు కొలుస్తరు.

మన దగ్గర పాత వంతెన అంటే పురానాపూల్, 1578. చాదర్‌ఘాట్ వంతెన, 1831. నగరంవి కాబట్టి వాటికి పేరుంది, పుస్తకాల్లో జాగా ఉంది. గోదావరి మీద సోన్ దగ్గర నిజాం కాలపు రాతి వంతెనను నాగపూర్ రోడ్డు మీద పోయేవాళ్లంతా చూస్తరు. ఇక ఊరి పక్కన ఒక్క కమాను ఉన్న బ్రిడ్జిని ఎవరు చూడాలె? రాయి రైల్వేది అంటరు, మీది తారు రోడ్లు-భవనాల శాఖది అంటరు, పక్క జాగా రెవెన్యూది అంటరు. ముగ్గురు కొడుకులున్న ముసలమ్మ కథే.

సరే, ఎట్లా కొలవాలె? ఇది ఇంజనీర్లకే చేతనవుతుందని అనుకోకండి. డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు, ఒక మేస్త్రీ ఉంటే ఒక్క ఆదివారం పని. ఒక మాట ముందే చెప్తున్న, పట్టాలు ఉన్న లైన్ మీదికి దిగొద్దు. 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ కింద అది నేరం, పైగా ప్రాణానికి గండం. అనుమతి ఉంటే సరే, లేకుంటే రోడ్డు మీది నుంచి, కట్ట బయటి నుంచి ఎంత వస్తే అంతే. పట్టాలు పీకేసిన పాత లైన్లతోనే మొదలుపెట్టడం మేలు.

ముందు జాగా. ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలె. రైల్వే వాళ్లు ప్రతి బ్రిడ్జికీ నంబరు వేస్తరు. పలక మీదో, గోడ మీదో పెయింటుతో ఉంటుంది. అది చెరిగిపోకముందే ఫొటో తియ్యాలె. ఆ నంబరే దాని ఇంటిపేరు. రికార్డు రూములో దాని ఫైలు వెతకాలంటే అదే దారి.

తర్వాత కమాను. రెండు దిమ్మెల మధ్య దూరం టేపుతో. కమాను ఎక్కడ మొదలై ఎంత ఎత్తు లేచిందో దానికి మేస్త్రీ నీళ్ల పైపు చాలు, ఇంటికి మట్టం చూసేదే. ఈ రెండు కొలతలుంటే కమాను ఏ వృత్తంలో ముక్కో లెక్క కట్టొచ్చు. మాటవరసకు వెడల్పు 20 అడుగులు, లేచింది 5 అడుగులు అనుకోండి. 20ని 20తో గుణిస్తే 400. దాన్ని ఎనిమిది ఐదుల నలభైతో భాగిస్తే 10. లేచిన ఎత్తులో సగం, రెండున్నర కలపండి. పన్నెండున్నర అడుగులు వ్యాసార్ధం. ఇంటర్‌లో నిద్రపోయిన లెక్క ఇక్కడ పనికొస్తది. అడుగుల్లో సున్నాగా వచ్చిందా, మీటర్లలో సున్నాగా వచ్చిందా అన్నది కూడా రాయాలె. నిజాం కాలపు కట్టడాలు అడుగుల లెక్కలో ఉంటయి. మన దేశంలో మెట్రిక్ కొలతలు వచ్చింది 1950ల చివర్లో. కొలతే కాలాన్ని పట్టిస్తది.

కమాను నిలబడే సూత్రం తెలిస్తే చూసే కన్ను మారుతుంది. రాయి నొక్కుడుకు తట్టుకుంటది, సాగతీతకు తట్టుకోదు. అందుకే మీది బరువంతా రాయి నుంచి రాయికి నెట్టుకుంటూ రెండు దిమ్మెల్లోకి దిగేట్టు కడతరు. కట్టేటప్పుడు కింద చెక్క దన్ను ఉంటుంది. నట్టనడిమి రాయి కూర్చున్నాక దన్ను తీస్తరు. దన్ను తీసే రోజు మేస్త్రీ గుండె ఎట్లా కొట్టుకుని ఉంటదో! రోడ్డు రైలు కట్టను అడ్డంగా కాకుండా ఏటవాలుగా దాటినచోట ఇంకా కష్టం. రాళ్ల వరుసలు నిటారుగా పోవు, మెలితిరిగి పోతయి. ప్రతి రాయి మూలనూ ఏటవాలుకు తగ్గట్టు చెక్కాలె. అట్లాంటి కమాను కనిపిస్తే కింద నిలబడి పైకి చూడండి, జనుము తాడు పేనినట్టు ఉంటుంది.

రాయి సంగతి. కామారెడ్డి దిక్కు గుట్టలన్నీ గ్రానైటు. మా జుక్కల్, మద్నూర్ దిక్కు నల్లరేగడి, కింద నల్లటి లావా రాయి. బ్రిడ్జి రాయి చూస్తే దగ్గరి గుట్టదా, దూరం నుంచి తెచ్చిందా తెలుస్తది. రాయి అంచు మీద వరుసగా చిన్న గుంతలు కనిపిస్తే అవి మేకులు కొట్టి రాయిని పగలగొట్టిన గుర్తులు. వాటి మధ్య దూరం కొలిచి రాయండి. కొన్ని రాళ్ల మీద చిన్న గీత, చుక్క, త్రిశూలం లాంటి గుర్తులు ఉండొచ్చు. ఎవరు ఎన్ని రాళ్లు చెక్కారో కూలి లెక్క కోసం పెట్టుకునే గుర్తులవి. శిలాఫలకం మీద ఇంజనీరు పేరు ఉంటది, దివాన్ పేరు ఉంటది. చెక్కినోడి సంతకం ఆ గీతే. నన్నడిగితే ఫలకం కంటే ముందు దాన్ని ఫొటో తియ్యాలె.

ఫలకం ఉంటే ఉర్దూలో ఉండొచ్చు, సంవత్సరం ఫసలీలో ఉండొచ్చు. భయపడొద్దు. మన పాత భూమి కాగితాల్లో చూసిన ఫసలీయే అది. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు అక్టోబరులో మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930 అక్టోబరు నుంచి 1931 దాకా. నిజాంసాగర్ పని ముగిసింది ఆ కాలంలోనే. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో.

కమాను లోపలి వైపు మసి ఉందా చూడండి. ఆవిరి ఇంజన్ల పొగ అది. ఆ మసిని ఎవరో శుభ్రం పేరుతో సున్నం కొట్టేస్తరు, అక్కడితో సాక్ష్యం పోతది. సందుల్లో గానుగ సున్నమా, తర్వాత పూసిన సిమెంటా అన్నది కూడా రాయాలె. సిమెంటు పూత ఎక్కువైతే రాతి లోపలి తడి బయటికి రాలేక రాయి అంచులే పొరలు పొరలుగా రాలుతయి. బాగుచేసినమని మురిసిపోయిన చోటే దెబ్బ తగులుతది.

ఫొటోలు రెండు రకాలు. ఒకటి చూడ్డానికి, ఒకటి కొలవడానికి. రెండోదానికి అడుగు అడుగుకూ గుర్తులు పెట్టిన వెదురు కర్ర పక్కన నిలబెట్టి, ముందు ఫొటోలో ఉన్నదాంట్లో సగానికి పైగా తర్వాతి ఫొటోలోనూ వచ్చేట్టు వరుసగా తీసుకుంటూ పోవాలె. ఒక్క కమానుకు రెండొందల ఫొటోలైనా కావాలె. వాటిని కలిపి కంప్యూటర్లో బొమ్మను మూడు కొలతల్లో నిలబెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నయి, పిల్లలకు మనం నేర్పక్కర్లేదు.

ఇదంతా పాతకాలం మీద మోజు అనేవాళ్లు 2025 ఆగస్టును గుర్తు చేసుకోవాలె. ఆ నెలాఖరు వానకు కామారెడ్డి జిల్లా అల్లాడింది. భిక్కనూరు-తలమడ్ల మధ్య పట్టాల కింది కట్టే కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయినయి. అదే వరదలో ఎల్లారెడ్డి దిక్కు పోచారం ప్రాజెక్టు, 1922 నాటి రాతి కట్టడం, జనమంతా గుండెలు అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే నిలబడింది. పాతదల్లా గట్టిదని నేను అనను, పాతవి కూలినవీ ఉన్నయి. కానీ పాత మోరీకి ఎన్ని కన్నాలుండె, ఎంత వెడల్పుండె, కొత్తది వేసినప్పుడు ఎన్ని తగ్గించారు అన్న లెక్క ఉంటే కట్ట ఎందుకు తెగిందో మాట్లాడుకోవచ్చు. లెక్క లేకుంటే మిగిలేది వాదనే. వరద ఎంత ఎత్తుదాకా వచ్చిందో రాతి మీద మట్టిగీత ఉంటే అది కూడా కొలవండి. అది వచ్చే వానాకాలానికి పనికొచ్చే కొలత.

చివరిది, నా లెక్కలో అన్నిటికంటే తొందరగా చెయ్యాల్సింది, మనుషులను అడగడం. రాయి ఇంకో యాభై ఏళ్లు ఉంటదేమో గానీ మీటర్‌గేజ్ కాలపు గ్యాంగ్‌మన్ ఉండడు. కీమన్‌గా రోజూ కట్ట వెంట నడిచినాయన ఏ కమాను ఏ వానకు కారేదో చెప్తడు. వడ్డెర ఇండ్లల్ల తాతల పని గురించి మాటలు ఉంటయి. మా దిక్కైతే తెలుగుతో ఆగొద్దు. మరాఠీలో అడగండి, కన్నడలో అడగండి, తండాల్లో లంబాడీలో అడగండి. ఒకే బ్రిడ్జిని ఒకరు పూల్ అంటరు, ఒకరు కమాన్ అంటరు, ఇంకొకరు దాని పక్కన జరిగిన ఏదో సంగతి పేరుతో పిలుస్తరు. రైల్వే రికార్డులో నంబరు ఉంటది గానీ ఈ పేర్లు ఉండవు. చెప్పినాయన ఒప్పుకుంటేనే గొంతు రికార్డు చెయ్యండి, ఏ రోజు, ఏ ఊళ్లో అని మొదట్లోనే పలకండి.

తయారైన కాగితం ఒక్క చోట పెట్టొద్దు. గ్రామ పంచాయతీకి ఒకటి, జిల్లా గ్రంథాలయానికి ఒకటి, కాలేజీలో ఒకటి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలపు కాగితాలు ఉన్నచోటే కాబట్టి అక్కడికీ ఒకటి పంపొచ్చు. ఫొటోలు ఇంటర్నెట్‌లో అందరికీ అందేచోట పెట్టాలె. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే పండుగ శుభాకాంక్షల కింద మునిగిపోతయి.

పనికి మంచి కాలం సంక్రాంతి దాటినాక. గడ్డి ఎండి రాయి బయటపడ్తది, పాములు తక్కువ, ఎండ ఇంకా ముదరదు. పొద్దున ఏడు, ఏడున్నరకు ఎండ ఏటవాలుగా పడుతుంది చూడండి, అప్పుడు ఉలి దెబ్బలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. పది దాటితే గోడ చదునుగా కనిపిస్తది.